పక్క కుర్చీ

ఊరిగాం,
14-7-1978

అన్నకు మునిలక్ష్మి నమస్కారాలు.

మీ బావ కోలుకుంటున్నాడు. కాలికట్టు ఇంకో పది రోజులకు విప్పుతారట. వదినకు చెప్పు, ఆమె పంపిన ఉలవలు చేరాయి. ఇంతవరకే మంచి సంగతులు. ఇక నా కడుపుమంట చదువుకో.

పోయిన నెల ఇరవయ్యో తేదీ మూడో తరగతికి ఎక్కాలు చెబుతుంటే నేల అదిరి, బల్లల మీది పలకలన్నీ జారి కింద పడ్డాయి. ఇక్కడి బంగారు గని లోపల బండ పగిలింది. ఆ వెంటనే ప్రమాదానికి కూసే హూటర్ మొదలైంది. మీ బావ ఆ షిఫ్టులోనే దిగాడు. పక్క తరగతి టీచరుకు "చూస్తుండక్కా" అని చెప్పి, గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి పరుగెత్తాను. రెండు గంటలకు ఆయన్ని పైకి తెచ్చారు. ప్రాణంతో ఉన్నాడని తెలిసేదాకా నేను మనిషిని కాను.

మరునాడు బడికి పోతే మా హెడ్‌మాస్టరు బచ్చప్ప చేతిలో మెమో. నా సర్వీసు పుస్తకంలో అప్పటికే రాసేశాడు: "ఆపద వేళ పిల్లలను వదిలి పారిపోయినది. బాధ్యత తెలియని మనిషి." ఎందుకు పోయావమ్మా అని ఒక్క మాట అడగలేదన్నా! నా ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకో ఆరు నెలలుంది. ఈ రాత చెరిగిపోకపోతే ఇంటికి పంపేస్తారు.

మొన్న సోమవారం కోలారులో విచారణ జరిగింది. అటువైపు ముగ్గురు, ఇటు నేనొక్కదాన్ని. విద్యాధికారి "మీ తరఫున ఎవరమ్మా?" అన్నాడు. ఎవరూ లేరన్నాను. నా పక్కన కుర్చీ ఖాళీగా ఉంటే బచ్చప్ప లేచి వచ్చి తన తడిగొడుగు దాని మీద పెట్టుకున్నాడు. గంటసేపు ఆ గొడుగు పక్కన కూర్చుని జవాబులు చెప్పాను. తీర్పు ఇంకా రాలేదు.

ఆ బచ్చప్పను కూడా ఒకనాడు అదే గదిలో ఒంటరిగా కూర్చోబెట్టకపోతే నేను మన నాయన బిడ్డను కాను. దారి చెప్పు.

నీ చెల్లెలు
మునిలక్ష్మి

ముళబాగిలు,
22-7-1978

చెల్లెలు మునిలక్ష్మికి రామాంజినప్ప ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ వదినకు చదివి వినిపించాను. "ఆ గొడుగు ఎత్తి ఆయన నెత్తిన్నే కొట్టకుండా యాల వచ్చింది?" అని అడిగింది. ఆమె ఉద్యోగం చేసే మనిషి కాదు కాబట్టి ఆ మాట అనగలదు.

ముందు ఒక సంగతి. మారి అనే నీ తరగతి పిల్ల నీ వెనకాలే పరుగెత్తి, షాఫ్టు దగ్గర గుంపులో తప్పిపోయి సాయంత్రానికి గాని దొరకలేదని బావ రాశాడు. నువ్వు నాకు ఆ ముక్క రాయలేదు. బచ్చప్ప అడక్కుండా రాయడం తప్పే. కానీ ఆయనకు కోపం ఊరికే రాలేదు.

ఇక దారి. ఉద్యోగంలో చేరిననాడే ఉపాధ్యాయుల సంఘంలో చేరమని చెప్పాను. "సంఘమంటే రిటైరయ్యేవాడికి శాలువా, మిగిలినవాళ్ళకు కారాబూందీ" అని నవ్వావు. కారాబూందీ నిజమే, నేనూ తిన్నాను. అయితే నేను హెడ్‌మాస్టరుగా ఉన్న పల్లె బడికి తెలుగు వాచకాలు దసరాకు బదులు జూన్‌లోనే వస్తున్నాయంటే సంఘం ఆఫీసు మెట్లెక్కీ దిగీ సాధించిందే. కొత్త లెక్కలు వచ్చినప్పుడు మా ముసలి మేష్టర్లకు ఆదివారాలు కూర్చోబెట్టి నేర్పిందీ సంఘమే. అన్నిటికంటే పెద్దది, నీకు కావలసింది ఒకటుంది. సభ్యుణ్ణి విచారణకు పిలిస్తే సంఘం ఒక మనిషిని తోడు పంపిస్తుంది. ఆ మనిషి పక్క కుర్చీలో కూర్చుంటాడు. ఏ ప్రశ్న అడగవచ్చో, ఏది అడగకూడదో ఆయనకు తెలుసు. ఆయన అక్కడ ఉంటే అధికారి గొంతు కూడా కాస్త తగ్గుతుంది.

మీ శాఖ అధ్యక్షుడు సొన్నప్పను రేపే కలువు. మళ్ళీ విచారణ జరపమని అర్జీ ఎలా రాయాలో ఆయన చెబుతాడు. పగ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఉద్యోగం నిలబెట్టుకో.

రామాంజినప్ప

ఊరిగాం,
3-12-1978

అన్నకు నమస్కారాలు.

గెలిచాను! నా ఉద్యోగం ఖాయమైంది. నిన్ననే ఆర్డరు చేతికి వచ్చింది.

రెండో విచారణకు సొన్నప్ప నా పక్కన కూర్చున్నాడు. నల్లకోటు, నశ్యం డబ్బీ, ఒళ్ళో రూల్సు పుస్తకం. అరగంట ఏమీ మాట్లాడలేదు. ఈ మనిషి నిద్రపోయాడా ఏమిటని నాకు భయం వేసింది. చివర్లో ఒకే ఒక ప్రశ్న అడిగాడు. "బచ్చప్పగారూ, ఈయమ్మని సంజాయిషీ అడిగినారా? అడిగింటే ఆ కాగితం యాడుండాది?" బచ్చప్ప ఫైలు రెండుసార్లు తిరగేశాడు, కాగితం లేదు. అడక్కుండా రాసిన మాట చెల్లదని అధికారి ఎర్రసిరాతో కొట్టేశాడు.

నువ్వు సంతోషిస్తావు. నేనూ సంతోషించాను, బస్సు ఎక్కేదాకా. సగం దారిలో మళ్ళీ ఆ తడిగొడుగు గుర్తొచ్చింది. రాత కొట్టేస్తే సరిపోతుందా? ఆయన ఇప్పటికీ హెడ్‌మాస్టరే. పొద్దున నాకు నమస్కారం పెడతాడు, ఏమీ జరగనట్టు. ఆ నమస్కారం చూస్తే ఇంకా మండుతుంది.

మారి సంగతి రాయలేదన్నావు. పిల్ల దొరికింది కదా, ఇంకేం రాయాలి?

వచ్చే నెల శాఖ ఎన్నికలు. కార్యదర్శిగా నిలబడుతున్నాను.

మునిలక్ష్మి

ముళబాగిలు,
11-12-1978

మునిలక్ష్మికి,

మీ వదిన పాయసం చేసింది. నీ వంతు కూడా నేనే తిన్నాను.

కార్యదర్శివి కావడం మంచిదే. మన ఇంట్లో ఇద్దరు సంఘం మనుషులు. కానీ ఆ కుర్చీ సభ్యులందరిదీ, బచ్చప్పతో సహా. కోపం ఇక చాలించమ్మా.

రామాంజినప్ప

ఊరిగాం,
20-5-1979

అన్నా,

అయిదు నెలలుగా ఉత్తరం రాయలేదని అలిగి ఉంటావు. కార్యదర్శి పని అంత ఉంది. సంఘం గదిలో పత్రికలు పెట్టించాను. కొత్తగా చేరిన టీచర్లకు మెమోకు జవాబు రాయడం నేర్పిస్తున్నాను. ఆడవాళ్ళు పదకొండు మంది కొత్తగా చేరారు. నువ్వు చెప్పిన మేళ్ళన్నీ నిజమే, ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు నేను చేసిన పని విను.

ఫిబ్రవరి సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం పెట్టాను: తోటి టీచరును ఒక్క మాట అడక్కుండా సర్వీసు పుస్తకంలో చెడ్డమాట రాసిన హెడ్‌మాస్టరుకు విచారణలో సంఘం తోడు రాదు. తోడు కావాలని అడిగే హెడ్‌మాస్టరు తానలా రాయలేదని సంతకం పెట్టాలి. జిల్లాలో ఏ సభ్యుడూ అలాంటి మనిషి పక్కన కూర్చోకూడదు. నేను చదవడం పూర్తికాక ముందే నాలుగో తరగతి టీచరు గురువమ్మ చెయ్యెత్తింది. ఎప్పుడూ మూలన కూర్చుని స్వెటరు అల్లుకునే మనిషి, ఏ సభలోనూ నోరు విప్పింది లేదు. లేచి "నేను బలపరుస్తాను" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. జిల్లా సంఘం కూడా మార్చిలో ఒప్పుకుంది. ఆ తీర్మానం ఎవరి కోసమో అందరికీ తెలుసు. బచ్చప్ప మరునాడే సంఘానికి రాజీనామా ఇచ్చాడు.

ఏప్రిల్‌లో దేవుడే ఆయన్ని నా చేతికి అప్పగించాడు. ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష ప్రశ్నపత్రాల కట్టకు సీలు ఊడి ఉంది. ఎలుకలు కొరికాయని ఆయన, ఈయనే విప్పాడని విద్యాశాఖవాళ్ళు. ఈ నెల మొదట్లో కోలారులో విచారణ. వేరే పని కల్పించుకుని నేనూ పోయాను. వరండాలో కిటికీ పక్కన నిలబడి చూశాను. ఆయన ఒక్కడే. ఇటు చూసి, అటు చూసి, తుండుతో మెడ తుడుచుకుంటున్నాడు. ఒకసారి కిటికీ వైపు చూశాడు. నన్ను చూశాడు. నేను తల తిప్పుకోలేదు. ఎంత హాయిగా ఉండిందో నీకెలా చెప్పను!

హెడ్‌మాస్టరు పని తీసేసి, మామూలు టీచరుగా ఎక్కడో ఆంధ్ర సరిహద్దు పల్లెకు పంపారు. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్ళు.

నీ దగ్గర దాచడం నాకు చేతకాదు కాబట్టి ఇదీ రాస్తున్నాను. ఆ ప్రశ్నపత్రాలు పెట్టిన బీరువాలో ఎలుకలున్న మాట నిజమే. ఆ వారమే సుద్దముక్కల పెట్టె కోసం తెరిస్తే రెండు నా చేతి మీదుగా దూకాయి. కట్ట మూల కొరికి ఉండటం కూడా చూశాను. నన్నెవరూ అడగలేదు, నేను చెప్పలేదు. ఆయన నన్ను అడిగాడా?

మునిలక్ష్మి

ముళబాగిలు,
2-6-1979

మునిలక్ష్మికి,

నీ ఉత్తరం మీ వదినకు చదివి వినిపించలేదు. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని సామెత. నువ్వు తల తన్నావు, సరే. కానీ కళ్ళారా చూసిన నిజాన్ని మింగి ఒక మనిషిని పల్లెకు తోలావు. సంఘం నీకు తోడిచ్చింది ఇందుకా? సొన్నప్పతో చెప్పి, చూసింది చూసినట్టు రాసి ఇవ్వు. ఇంకా సమయం మించిపోలేదు.

ఆయన్ని వేసిన పల్లె నా బడికి రెండు మైళ్ళే. మొన్న సంతలో కనబడ్డాడు. ఒంటిగా ఉంటున్నాడు, వండుకోవడం రాదు, అరటిపండ్లు బొరుగులు తిని బతుకుతున్నాడు. ఇంటికి పిలుచుకొచ్చి రాగిసంగటి పెట్టించాను. నువ్వు నా చెల్లెలివని ఆయనకు తెలుసు. మూడు ముద్దలు తిన్నాడు గాని నీ గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

రామాంజినప్ప

ఊరిగాం,
7-6-1979

అన్నా,

నా పక్కన గొడుగు పెట్టినవాడికి మా వదిన చేతి సంగటా! మూడు ముద్దలా!

నువ్వు పెద్దమనిషివి, అందరి దగ్గరా మంచి అనిపించుకోవాలి. నాకా గొడవ లేదు. రాసివ్వను. ఆయన నీ గడప తొక్కినన్నాళ్ళూ నేను ముళబాగిలు రాను.

మునిలక్ష్మి

ముళబాగిలు,
18-9-1979

మునిలక్ష్మికి ఆశీస్సులు.

మూడు నెలలు మాట్లాడకుండా ఉన్నావు. ఇప్పుడు నా అవసరం కోసం నేనే రాస్తున్నాను.

ఆగస్టులో వారం రోజులు ఆగకుండా వాన పట్టింది. మా పల్లెలో దొడ్డమునియప్ప ఇంటి కప్పు కూలింది. పట్టుపురుగులు గూళ్ళు కట్టే సమయం. తడిస్తే అతని కష్టమంతా మట్టిపాలు. చంద్రికలను, అదే గూళ్ళు కట్టే వెదురు తడకలను, బడి వరండాలో నాలుగు రోజులు పెట్టుకోనిచ్చాను. పిల్లలు లోపల చదువుకుంటూనే ఉన్నారు. బడి దినచర్య పుస్తకంలో కూడా రాశాను. ఎవరో ఆకాశరామన్న, బడిని పట్టుగూళ్ళ కొట్టంగా మార్చానని అర్జీ పెట్టాడు. అక్టోబరు పదిహేనున కోలారులో విచారణ. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో నాకు మొదటి మెమో ఇది. తప్పు తేలితే ఉద్యోగమే పోతుందంటున్నారు. చెబితే నవ్వుతావు, ఈ ఉత్తరం మూడుసార్లు చించి మళ్ళీ రాశాను.

ముళబాగిలు శాఖలో రూల్సు తెలిసినవాళ్ళు లేరు. మీ శాఖ నుంచి మనిషిని పంపు. నువ్వే వస్తే మరీ సంతోషం. నీ తీర్మానం ప్రకారం కాగితం నింపి, అడక్కుండా ఎవరి మీదా రాయలేదని సంతకం పెట్టి జతచేస్తున్నాను.

రామాంజినప్ప

ఊరిగాం,
26-9-1979

అన్నకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి కోపమంతా దిగిపోయింది. నేనే వస్తానని ఆ రోజే జవాబు రాశాను, పోస్టు చేయలేదు. ఎందుకంటే నీ కాగితం సంఘంలో చదివినప్పుడు గురువమ్మ అల్లిక పక్కన పెట్టి లేచింది.

"రామాంజినప్ప సారు సంతకం అబద్ధం" అంది. "క్యాసంబళ్ళిలో ఆయప్ప హెడ్‌మాస్టరు, నేను కొత్త టీచరు. అరవై ఆరులో నాలుగు దినాలు బడికి పోలేదు. చెప్పకుండా మానేసిందని బుక్కులో రాసేసినాడు. నాకు కడుపు పోయిందప్పా ఆ నాలుగు దినాలూ. అడిగింటే వాళ్ళావిడతోనైనా చెప్పుకుందును. అడగలా. ఉద్యోగం పోయింది. మళ్ళీ వచ్చేదానికి మూడేండ్లు పట్టింది."

అందరూ నా వైపే చూశారు.

ఇది నిజమా అన్నా? కాదని ఒక్క మాట రాయి, గురువమ్మ ముఖాన పడేస్తాను.

మునిలక్ష్మి

ముళబాగిలు,
1-10-1979

మునిలక్ష్మికి,

నిజం.

అబద్ధం రాయాలని సంతకం పెట్టలేదు. గుర్తులేదు. నీ ఉత్తరంలో గురువమ్మ పేరు చూశాక కూడా ముఖం గుర్తు రావడానికి ఒక పూట పట్టింది. ఆమె పదమూడేళ్ళు మోసిన మాటను నేను రాసిన సాయంత్రమే మరిచిపోయాను. అప్పట్లో అందరం అలాగే రాసేవాళ్ళం. ఇది సమర్థన కాదు, జరిగింది చెబుతున్నాను.

అయినా ఒక మాట అడుగుతాను. నిన్ను సంఘంలో చేర్చింది నేను. నా ముక్కూముఖం తెలియని ఒక రూలును నాకు అడ్డం పెడతావా? తీర్మానం పెట్టినది నువ్వు, వెనక్కి తీసుకోవడం నీ చేతిలో పని. పదిహేనో తేదీకి ఇంకా రెండు వారాలుంది. గురువమ్మ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను.

రామాంజినప్ప

ఊరిగాం,
6-10-1979

అన్నా,

తీర్మానం పెట్టినవాళ్ళూ బలపరచినవాళ్ళూ ఇద్దరూ అడిగితేనే వెనక్కి తీసుకోవచ్చు. గురువమ్మ ఇంటికి పోయాను. కూర్చోమని కాఫీ ఇచ్చింది. నీ మాట చెప్పాను.

"కాళ్ళు పట్టుకునేది యాల? నేనేమన్నా అమ్మవారినా" అంది. "నువ్వు బచ్చప్ప కోసం ఆ రూలు తెచ్చినావు. నేను మీ అన్న కోసం చెయ్యెత్తినాను. నీ పని అయిపోయింది కాబట్టి ఇంగ తీసేద్దామంటావు. నా పని యాడయింది తల్లీ?"

కాఫీ గ్లాసు కడిగి పెట్టి వచ్చేశాను. దానికి జవాబు నీ దగ్గర ఉంటే రాయి.

సంఘానికి రాజీనామా ఇచ్చి వచ్చేద్దామని కూడా అనుకున్నాను. కానీ నీ కోసం వస్తే, ఆ రూలు బచ్చప్ప ఒక్కడి కోసం పెట్టిందని అందరూ అంటారు. అది నిజం. నిజం కాబట్టే రాలేను. ఇంత పని చేసి, చివరికి అన్నకొక న్యాయం పరాయివాడికొక న్యాయం అనిపించుకుని ఈ ఊళ్ళో తలెత్తుకుని తిరగలేను. నీ చెల్లెలు ఎంత పాపిష్టిదో చూడు, ఇప్పుడు కూడా తన పరువే చూసుకుంటోంది.

ధైర్యంగా ఉండు. దినచర్య పుస్తకం తీసుకుపో.

మునిలక్ష్మి

ముళబాగిలు,
17-10-1979

మునిలక్ష్మికి,

బయటపడ్డాను. అర్జీ కొట్టేశారు. నీకు ముందు ఆ మాట చెప్పాలని వదిన అంటోంది, అందుకే ముందు రాశాను. ఇక జరిగింది విను.

పదకొండు గంటలకు పిలిచారు. లోపల నేను, అధికారి, గుమాస్తా. "మీ పక్కన ఎవరూ లేరా?" అని అడిగాడు. లేరని చెప్పబోయాను. అప్పుడే తలుపు తోసుకుని బచ్చప్ప వచ్చాడు. "నేనుండాను సార్" అని నా పక్కన కూర్చున్నాడు. ఆయన సంఘంలో లేడు కదా, రూలు ఆయనకు తగలదు. నేను పిలవలేదమ్మా, మీ వదిన మీద ఒట్టు. ఊళ్ళో విని వచ్చాడు.

నాకంటే బాగా మాట్లాడాడు. దినచర్య పుస్తకం తీసి ఆ పేజీ చూపించాడు. దొడ్డమునియప్పను పిలిచి అడగమన్నాడు. అధికారి ఇప్పుడెందుకులే అంటే, "అడగండి సార్. నేనొకసారి ఒక ఆడబిడ్డను అడక్కుండా రాసినాను. అది తప్పు. అడిగినాక మీకు తోచింది రాసుకోండి" అన్నాడు. దొడ్డమునియప్పను బయటినుంచి పిలిపించారు, పావుగంటలో అంతా తేలిపోయింది.

బస్టాండులో ఆయనకు నమస్కరించాను. సంగటి తిన్న విశ్వాసంతో వచ్చాడనుకుని ఆ మాటే అన్నాను. నవ్వాడు.

"సంగటి కోసరం కాదప్పా. ఆ పొద్దు మీ చెల్లెలు కిటికీకాడ నిలబడి నన్ను చూసింది. ఆయమ్మ సొంత అన్న పక్కన ఆయమ్మ కూర్చోలేకపోయింది, నేను కూర్చున్నాను. ఈ సంగతి ఆయమ్మకు మీ చేత్తోనే రాయండి. నాకు అది చాలు" అన్నాడు. నా బస్సు రాకముందే వెళ్ళిపోయాడు.

రాయమన్నాడు, రాశాను.

గురువమ్మకు వేరే ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. నువ్వు అడగవద్దు.

రామాంజినప్ప

ఊరిగాం,
29-10-1979

అన్నకు నమస్కారాలు.

నువ్వు బయటపడినందుకు ఏడ్చాను. ఆయన చేత బయటపడినందుకు అంతకంటే ఎక్కువ ఏడ్చాను. నీ ఉత్తరం మీ బావ చేతికిచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను. నన్ను పది మందిలో నిలబెట్టి తిట్టి ఉంటే ఎంతో బాగుండేది, తిరిగి తిట్టేదాన్ని. దీనికేం చేయను? ఆయన గెలిచాడు. నేను ఇన్నాళ్ళు చేసిందాన్నంతా ఆయన ఒక్క పూటలో మించిపోయాడు.

బీరువాలో చూసింది చూసినట్టు రాసి, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదో అదీ రాసి, నా పేరుతో విద్యాధికారికి పంపాను. ఆయన మీద జాలితో కాదు. ఆయన నా కంటే మంచివాడన్న మాట జీవితాంతం వింటూ బతకలేను. ఆయన కేసు మళ్ళీ తెరుస్తారట. నిజం దాచినందుకు నాకూ మెమో వచ్చింది. రెండూ వచ్చే నెల ఆరునే.

సంఘంలో ఉంటూ ఆయన పక్కన కూర్చోకూడదు. నిన్న సభలో రాజీనామా కాగితం గురువమ్మ చేతికిచ్చాను, నా బదులు ఇక ఆమే కార్యదర్శి. చదివి, మడిచి, "ఇంగ నీ మెమోకి నీ పక్కన ఎవురూ రారు, తెలుసునా?" అంది. తెలుసన్నాను. తల ఊపింది.

నువ్వు కూడా రావద్దు. సభ్యులు కానివాళ్ళకు సభ్యులు తోడు పోకూడదు, నాకు తోడు రావాలంటే నువ్వూ మానుకోవాలి. ఇరవై ఏళ్ళుగా ఉన్నచోటు నా కోసం వదులుకోవద్దు.

ఆరో తేదీ పొద్దున ముందు ఆయన విచారణ, తర్వాత నాది. ఆయన పక్కన కూర్చుంటాను. ఆయన వద్దన్నా కూర్చుంటాను. ముఖం మాత్రం చూడను.

మునిలక్ష్మి